మిరపకాయలు ఆప్రికాట్లయిన ఆట

నేను తయారుచేసిన మొదటి వీడియో గేమ్‌లో మిరపకాయలుండేవి. గుంటూరు దగ్గర మా అమ్మమ్మ ఇంటి డాబా, దాని మీద ఆరబోసిన ఎర్రటి కాయలు, పడమటి దిక్కు నుంచి కమ్ముకొచ్చే మబ్బు. వాన పడేలోగా కాయలన్నీ గోనెసంచుల్లోకి ఎత్తాలి. మధ్యలో ఒక కోడి వచ్చి కుప్పను చెల్లాచెదురు చేస్తుంది. తడిసిన కాయ రంగు పోయి తాలుకాయ అవుతుంది. తాలు ఎక్కువైతే అమ్మమ్మ కింద నుంచి కేకేస్తుంది, ఆట అయిపోతుంది. చెబితే ఇంతే. కానీ మబ్బు నీడ డాబా మీద మెల్లగా పాకుతూ రావడానికి నేను మూడు నెలలు తన్నుకులాడాను. అప్పటి కంప్యూటర్లలో నీడ అనేది అంత తేలిగ్గా దొరికే వస్తువు కాదు.

ఎనభైల చివరి మాట ఇది. దేశం వదిలి వచ్చి, క్లేటన్ అనే శివారులో అక్కా బావల అద్దె ఇంట్లో ఉంటూ యూనివర్సిటీలో చదువుకున్నాను. చదువు అయ్యాక అక్కడికి దగ్గర్లోనే, టైర్ల షెడ్డు వెనక ఉన్న చిన్న గేమ్స్ కంపెనీలో చేరాను. ఏడుగురం. ఆడదాన్ని నేనొక్కదాన్నే. నాకు నోటి దురుసు అప్పటికీ ఉంది, ఇప్పటికీ ఉంది. అందుకే ఈ కథలో నేను నోరు మూసుకున్న చోటు గుర్తొస్తే నామీద నాకే ఒళ్ళు మండుతుంది.

బాస్ మంచివాడనే అనుకున్నాం. నవ్వుతూ మాట్లాడేవాడు. నా ఆట మొదటిసారి చూసి, "దిస్ ఈజ్ గోల్డ్" అని నా బల్ల మీద గట్టిగా చరిచాడు. పై వారం అగ్రిమెంటు కాగితం పట్టుకుని తనే మా ఇంటికొస్తానన్నాడు. అక్క పొంగిపోయింది. ఆదివారం చర్చి అయ్యాక భోజనానికి పిలిచింది. మా చర్చి పెద్దని, మేమంతా అంకుల్ అని పిలిచే ఆయన్ని కూడా పిలిచింది.

బాస్ కోడికూర తిని చెమటలు కక్కుతూ మళ్ళీ పెట్టించుకున్నాడు. మిరపకాయల కథ చెప్పమన్నాడు. నేను ఉత్సాహంగా చెప్పాను. మబ్బు పట్టగానే అమ్మమ్మ "పరిగెత్తండే!" అని అరవడం, మేం పిల్లలం మెట్లెక్కి పరిగెత్తడం, ఆ చేతులతో కళ్ళు నులుముకుని రాత్రంతా ఏడవడం. ఆయన కళ్ళార్పకుండా విన్నాడు. "యూ ఆర్ లక్కీ. నేను మా నాయనమ్మనీ చూడలేదు, అమ్మమ్మనీ చూడలేదు" అన్నాడు. పాపం అనిపించింది. ఇంకో రెండు ముచ్చట్లు ఎక్కువ చెప్పాను.

తర్వాత కాగితం తీశాడు. పదకొండు పేజీలు. నేను మొదటి పేజీ చదవబోయాను. బావ కళ్ళతోనే వద్దన్నాడు. మనింట్లో అన్నం తిన్న మనిషి ఎదురుగా ఆయనిచ్చిన కాగితాన్ని వరస వరసా చదవడమంటే, నిన్ను నమ్మట్లేదని మొహం మీద చెప్పడమే. ఈలోగా అంకుల్ లేచి నిలబడ్డాడు. మా వాళ్ళకి ఏ కాగితమొచ్చినా ముందు ప్రార్థన. పరీక్ష హాల్‌టికెట్టు, వీసా, కారు రిజిస్ట్రేషను, ఏదైనా సరే. అంకుల్ కాగితం మీద చెయ్యి పెట్టి, ఈ బిడ్డ చేతి పనిని దీవించు ప్రభువా అని తెలుగులో అయిదు నిమిషాలు ప్రార్థించాడు. అందరం కళ్ళు మూసుకున్నాం. బాస్ కూడా మూసుకున్నాడు. ఆమెన్ అన్నాక బావ జేబులోంచి పెన్ను తీసిచ్చాడు. సంతకం పెట్టేశాను. చదవాల్సిన కాగితాన్ని చదవకుండా ప్రార్థనలో పెట్టి లేచిన ఇల్లు మాది.

రెండు నెలలకి, ఆటని అచ్చేసి అమ్మబోయే లండన్ పబ్లిషరు తరఫున ఒక పెద్దమనిషి వచ్చాడు. మిరపకాయలు జనానికి అర్థం కావన్నాడు. వాటి బదులు ఆప్రికాట్ పళ్ళు పెట్టమన్నాడు. డాబా కాస్తా రేకుల కప్పు అయింది. కోడి మాత్రం మిగిలింది. ఏడుపొచ్చినా మింగి, బొమ్మలన్నీ నేనే మార్చాను. ఆట పూర్తయ్యాక చివర్లో వచ్చే తెర మీద మా ఏడుగురి పేర్లూ రాశాను. మర్నాడు బాస్ పిలిచి, "అది తీసెయ్" అన్నాడు. పేర్లుంటే వేరే కంపెనీలు మనుషుల్ని ఎత్తుకుపోతాయట. బొమ్మలు గీసే అబ్బాయి నా మొహం చూసి నవ్వి, "మేట్, ఎక్కడైనా ఇంతే. మొదటిసారి కదా, అలవాటైపోతుంది" అన్నాడు. అతనికి అది నాలుగో ఆట. ఒక్కదాంట్లోనూ అతని పేరు లేదు. నా చేత్తోనే నా పేరు చెరిపాను.

ఆట బాగా అమ్ముడుపోయింది. అందరికంటే ఎక్కువ సంతోషపడింది నేనే. కొట్లో ఆట డబ్బాలు పేర్చి ఉంటే ఊరికే వెళ్ళి తాకి వచ్చేదాన్ని. డబ్బా మీద 'డిజైన్డ్ బై' అని బాస్ పేరుంది. సరే, కంపెనీ ఆయనది, పేరు ఆయనదే ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. అలా సర్దిచెప్పుకోవడం ఎంత తేలికో!

ఒక మధ్యాహ్నం స్టేషన్ పక్క పేపర్ల కొట్టులో కంప్యూటర్ పత్రిక తిరగేస్తుంటే బాస్ ఫొటో కనిపించింది. రెండు పేజీల ఇంటర్వ్యూ. ఈ ఆలోచన ఎలా వచ్చిందని అడిగారు. ఆయన చెప్పాడు: చిన్నప్పుడు మా నాయనమ్మ రేకుల మీద ఆప్రికాట్లు ఆరబోసేది, మబ్బు పట్టగానే 'రన్, కిడ్స్, రన్!' అని అరిచేది, మేం నిచ్చెనెక్కి పరిగెత్తేవాళ్ళం.

మళ్ళీ చదివాను. నాయనమ్మని చూడనే లేదన్న మనిషి! మా అమ్మమ్మ కేకని, మా మెట్లని, మా పరుగుని తీసుకెళ్ళి తన చిన్నతనంలో పెట్టుకున్నాడు. పేరు తీసుకుంటే అర్థం చేసుకోగలను. అమ్మమ్మని తీసుకోవడమేమిటి? మనిషన్నవాడు ఇంత పని చేస్తాడా? కొట్టువాడు "యూ రైట్, లవ్?" అని, బాగానే ఉన్నావా అమ్మాయ్ అన్నట్టు అడిగేదాకా నేను అక్కడే నిలబడి ఉన్నానని నాకు తెలియలేదు.

నేరుగా ఆఫీసుకెళ్ళి పత్రిక ఆయన బల్ల మీద పడేశాను. "ఇది నా జీవితం. మీది కాదు" అన్నాను. కోప్పడతాడనుకున్నాను. సిగ్గుపడతాడని కూడా ఆశపడ్డాను. రెండూ లేవు. సొరుగులోంచి నా అగ్రిమెంటు తీసి ఏడో పేజీ తిప్పి నా వైపు జరిపాడు. ఆటకు సంబంధించి నేను చెప్పిన కథలు, ఆలోచనలు అన్నీ కంపెనీవట. ఆ ఆట నేను చేశానని అనుమతి లేకుండా ఎక్కడా, ఎవరితోనూ చెప్పకూడదట. కింద నా సంతకం.

"మీ వాళ్ళు దీవించారు కదా. నేనూ కళ్ళు మూసుకున్నాను" అన్నాడు. వెటకారం కాదు, మామూలుగానే అన్నాడు. నేను కాగితాన్ని ఆయన వైపే తోసేసి వెనక్కి తిరిగాను. నేను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి, "బై ద వే, నీ పర్మనెంట్ రెసిడెన్సీకి కంపెనీ లెటర్ ఇంకా కావాలి కదా? వచ్చే వారం పంపిస్తాను. నో వర్రీస్" అన్నాడు.

ఆ సాయంత్రం బావ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఇంట్లో ఉన్న నా కాపీ పదకొండు పేజీలూ వేలు పెట్టి చదివాడు. హాస్పిటల్లో పని, మందుల చీటీ మీద ఒక్క చుక్క తేడా పడనివ్వని మనిషి. ఏడో పేజీ దగ్గర ఆగి కళ్ళజోడు తీసేశాడు. "నేనే కదమ్మా చదవొద్దని సైగ చేసింది" అన్నాడు. నేను ఆయన్ని ఓదార్చలేదు. అంత మంచితనం ఆ రోజు నాలో లేదు. వచ్చే వారం అన్న ఆ లెటర్ కోసం మరో ఏడాది అక్కడే పనిచేశాను. ఎవరడిగినా, గేమ్స్ కంపెనీలో ఉన్నానని మాత్రం చెప్పేదాన్ని.

లెటర్ వచ్చింది, రెసిడెన్సీ వచ్చింది, ఉద్యోగం మానేశాను. బ్యాంకు కంప్యూటర్ల పనిలో చేరాను. ఒక శనివారం అక్క కూతురు, ఏడేళ్ళ పిల్ల, స్నేహితురాలి దగ్గర నుంచి అదే ఆట తెచ్చుకుని హాల్లో కూర్చుని ఆడుతోంది. తెర మీద మబ్బు నీడ కదులుతోంది. అంత చక్కగా కదులుతోందని నాకే గర్వంగా అనిపించింది.

"పిన్నీ, అమ్మ సెడ్ యూ మేడ్ దిస్" అంది. డబ్బా తిప్పి చూసింది. "బట్ ఇట్ సేస్ సమ్‌బడీ ఎల్స్. హూ మేడ్ ఇట్?"

"ఆయనే చేశాడమ్మా" అన్నాను.

"ఓకే" అని ఆటలో పడిపోయింది.

నేను ఆలోచించి అన్న మాట కాదది. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది. అక్క చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకొచ్చి నిలబడి నా వైపు చూసింది.

"ఇక్కడెవరున్నారే వినడానికి? నా ఇంట్లో కూడా ఆ కాగితమేనా?" అంది.