చిన్నాయన, నేను, మందు పర్మిట్టు

మస్కట్‌లో దిగిన కొత్తలో, ఊరికి ఫోన్ చేయాలంటే కార్డు గీకాల్సిన ఆ రోజుల్లో, నాకు కనపడిన ప్రతి మనిషి మీదా అనుమానమే. రూమ్‌లో ఎవడైనా నన్ను రెండుసార్లు చూస్తే చాలు, చిన్నాయనకు చాడీలు మోస్తాడేమో అనుకునేవాణ్ణి. చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు, మా కంపెనీలోనే ఫోర్‌మన్. నాకు వీసా తెప్పించి, స్టోర్ కీపర్ డ్యూటీ ఇప్పించి, అల్ హైల్‌లో తన రూమ్‌లోనే మంచం వేయించిన మనిషి. ఆయనకు తాగుడంటే ఒళ్లు మంట. సైట్‌లో ఎవడి కళ్లయినా ఎర్రగా ఉన్నాయంటే "గింత దూరం వచ్చింది గిందుకేనారా?" అని అందరి ముందూ కడిగేసేవాడు. నేను పక్కన నిలబడి తల ఊపేవాణ్ణి (కాస్త గట్టిగానే ఊపేవాణ్ణి, ఎందుకైనా మంచిదని).

శుక్రవారం సెలవు కాబట్టి నాకేమో గురువారం సాయంత్రం ఒక చల్లటి బీరు తాగాలని మహా కోరికగా ఉండేది. అక్కడ మన దగ్గరలా దుకాణానికి వెళ్లి చెయ్యి చాపితే కుదరదు. ముస్లిం కానివాడు, జీతం కాస్త ఉన్నవాడు, కంపెనీ లెటర్ పట్టుకుని వెళితే పోలీసు ఆఫీసులో పర్మిట్ ఇస్తారు. నెలకు ఇంత అని కొనుక్కుని, నేరుగా రూమ్‌కి తెచ్చుకుని తాగాలి. ఇంకొకరికి అమ్మితే ఉద్యోగం, వీసా రెండూ గోవిందా. క్యాంపుల్లో దొంగచాటుగా అమ్మేవాళ్లు ఉండేవారు కాబట్టి ఆఫీసర్ల కన్నంతా దాని మీదే. నేను ఆఫీసులో లెటర్లు టైపు చేసే మలయాళీని బతిమాలి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. లెటర్ చేతిలో పెడుతూ అతను అదో రకంగా నవ్వాడు. ఆ నవ్వు మీద కూడా అనుమానపడ్డాను.

పన్ను నొప్పి, డాక్టర్ దగ్గరికి పోతున్నానని చెప్పి పర్మిట్ ఆఫీసుకు వెళ్లాను. లైన్‌లో నా ముందున్న వీపు ఎక్కడో చూసినట్టు ఉంది. అది ఇటు తిరిగింది. చిన్నాయన!

"నువ్వేందిరా ఈడ? పన్ను పీకించుకుంటనంటివి?"

"పీకించుకున్న చిన్నాయనా. అటునుంచి అటే స్టోర్ కాయితం ఒకటి ఇచ్చి పోదామని..." అన్నాను దవడ పట్టుకుని. "మరి నువ్వు?"

"ఇంజినీర్ సాబ్ పని మీద వచ్చిన" అన్నాడు గోడ వైపు చూస్తూ.

ఇద్దరి చేతుల్లోనూ ఒకే కంపెనీ కవర్లు. ఇద్దరం వాటిని వీపు వెనక దాచుకున్నాం. నన్ను పట్టుకోవడానికే వచ్చాడని నాకు అనుమానం; తన గుట్టు లాగడానికి వెంటపడ్డానని ఆయనకు అనుమానం.

కౌంటర్‌లో ఒమానీ ఆఫీసర్‌కు హిందీ బాగానే వచ్చు. రెండు లెటర్లూ పక్కపక్కన పెట్టుకున్నాడు. ఒకే ఇంటిపేరు, ఒకే రూమ్. ఇద్దరినీ దగ్గరికి పిలిచి, "తాగుతావా?" అని ముందు నన్ను అడిగాడు. ఇంటి పెద్ద పక్కనుండగా ఆ ప్రశ్నకు మన నోట వచ్చే జవాబు ఒకటే కదా. "అయ్యో, లేదు సాబ్! ముట్టను కూడా ముట్టను" అన్నాను. తర్వాత చిన్నాయనను అడిగాడు. కొడుకు వరసవాడి ముందు ఆయన మాత్రం ఏమంటాడు? "తోబా తోబా" అని చెంపలు వేసుకున్నాడు.

ఆఫీసర్ పెన్ను కింద పెట్టాడు. ఇద్దరూ తాగరు, మరి రెండు పర్మిట్లెందుకు? ఏ క్యాంపులో అమ్ముతున్నారు? ఇలా మెల్లగా అడుగుతూనే మా లేబర్ కార్డులు సొరుగులో వేసి ఫోన్ అందుకున్నాడు. వచ్చి ఏడాది కాలేదు, విమానం ఎక్కించేస్తారని ఏడుపొచ్చింది.

చిన్నాయన నా మొహం చూశాడు. గొంతు సవరించుకుని, సగం హిందీ సగం మన భాషలో మొదలుపెట్టాడు. "సాబ్, నేను తాగుత. ఇరవై ఏండ్ల సంది తాగుతున్న. వీడు గూడ తాగుతడు. ఊర్లె ఉన్నప్పుడే వీని నోట్లె వాసన నేనే పట్టిన, మా అన్నకు చెప్పలె. పోరడు భయంతోని అబద్ధమాడిండు, నేను సిగ్గుతోని ఆడిన. అమ్ముడు గిమ్ముడు మాకు తెల్వది."

ఆఫీసర్ నన్ను అడిగాడు, ఈయన నీకేమవుతాడని. "చాచా" అన్నాను. ఆఫీసర్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి ఫోన్ పెట్టేశాడు. "మా చాచా వస్తే నేనూ సిగరెట్ పడేస్తాను" అని రెండు పర్మిట్ల మీదా ముద్ర కొట్టాడు.

తిరుగు టాక్సీలో చిన్నాయన ఒక్క మాటే మాట్లాడాడు, పన్ను ఎట్లుందని. ఆ తర్వాత గురువారాల్లో ఆయన వంటగదిలో, నేను మేడ మీద. ఒక్కనాడూ ఎదురెదురుగా కూర్చోలేదు. ఆయన పోయాక తెలిసింది, ఎంత తెలివితక్కువవాణ్ణో. ఒక్కసారి నేనే గ్లాసు పట్టుకుని వంటగదిలోకి వెళ్లి ఉంటే బాగుండేది.

మొన్న మా అన్న కొడుకు ఉద్యోగానికని మస్కట్ పక్కన సీబ్‌లో నా దగ్గర దిగాడు. "ఏమన్న అలవాట్లున్నయారా?" అని అడిగాను. "లేవు చిన్నాయనా" అన్నాడు నేల చూపులు చూస్తూ. "మరి నీకు?"

"నాకెక్కడివిరా!" అన్నాను. ఇద్దరం బుద్ధిగా తలలు ఊపాం. నిజం చెప్పించడానికి మా మధ్య పోలీసాయన లేకపాయె.