సత్తెమ్మక్క కొత్త కొలత

తడి చల్లిన నూలు గుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే ఒక వాసన లేస్తుంది. అది ముక్కుకు తగిలితే చాలు, సత్తెమ్మక్క పక్కన నిలబడి తిట్లు తింటున్నట్టే ఉంటుంది నాకు. నాచారంలో ఇప్పుడు నేను నడుపుతున్న జాకెట్ల దుకాణం ఆవిడదే. పెళ్లై గుడివాడ నుంచి వచ్చి, కాజా కుట్టడం కూడా రాని నన్ను కూర్చోబెట్టి పని నేర్పింది. జనగామ మనిషి. నోరు తెరిస్తే పక్క ఫ్యాక్టరీ సైరన్ కూడా చిన్నబోవాలి. అయినా ఆవిడంటే నాకు ప్రాణం.

అక్కకు కుడి రొమ్ములో క్యాన్సర్ వచ్చింది. రొమ్ము తీసేశారు. వైద్యమంతా ముగిసి, జుట్టు మళ్లీ మొలిచాక డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. వీపు మీది కండను, పైచర్మంతో సహా, రక్తనాళాలు తెగకుండా చంక కిందుగా ముందుకు తెచ్చి రొమ్ముగా మలచవచ్చట. ఆ పక్క చేతి బలం కొంత తగ్గవచ్చనీ దాచకుండా చెప్పింది. కుడిచేత్తో కత్తెర పట్టి బతికే మనిషికి అది చిన్న మాట కాదు.

సంగతి తెలిసి ఉప్పల్ నుంచి ఆడపడుచు పరుగెత్తుకొచ్చింది. "గీ వయసుల గిదంత ఎందుకొదినె? ఎవలు సూడొచ్చిన్రు?" అంది.

"నేను సూస్తలేనా?" అంది అక్క, చేతిలో గుడ్డ దించకుండానే. "పొద్దుగాల అద్దం ముంగట నిలవడేది నేనే గదా. అందరి ఒంటికి సరిపోను కుట్టిస్త, నా ఒంటి కాడికొస్తె సర్దుకోవాల్నా?"

ఆడపడుచు వెళ్లాక నేనే ఉండబట్టలేక, "చెయ్యి సరిగ్గా ఆడకపోతే ఎలా అక్కా?" అన్నాను.

"నువ్వున్నవ్ గదనే. ఇన్నేండ్లు ఊకెనే నేర్పిన్నా?"

ఆవిడ నన్ను మెచ్చుకున్నది అదే మొదటిసారి. భయమూ సంతోషమూ కలిసి నాకు కాసేపు సూదిలో దారం ఎక్కలేదు.

ఆపరేషనై దవాఖానా నుంచి వచ్చాక అక్క కొన్నాళ్లు ఇస్త్రీపెట్టె కూడా ఎత్తలేకపోయింది. గోడ మీద వేళ్లు పాకిస్తూ చెయ్యి పైకి లేపే వ్యాయామం చేస్తూ, గోడనీ తిట్టేది. మెల్లగా కత్తెర పట్టింది. మందం గుడ్డ కోసేటప్పుడు కత్తెర గట్టిగా నొక్కితే కొత్త రొమ్ములోని వీపు కండ అదిరేది. "ఇంక వీపుననే ఉన్న అనుకుంటుందే పిచ్చిది!" అని పకపకా నవ్వేది. బలం మునుపటంత రాలేదు. మందం గుడ్డలు నాకిచ్చేసి, పట్టు జాకెట్లు తాను కోసేది.

ఒకనాడు తనకోసం జాకెట్ కుట్టుకుంది. కొలతకని అందరూ పాత జాకెట్ ఒకటి తెచ్చి ఇస్తారే, ఆది జాకెట్, అలాగే తనదీ ముందు పెట్టుకుని కోసింది. తొడుక్కుంటే ముందు చక్కగా అమరింది. వెనక కుడి పక్కన మాత్రం సంచిలా వేలాడింది. ఏడుస్తుందేమోనని నేను బిక్కచచ్చిపోయాను. అక్క అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది.

"ముంగట వచ్చిందే సూసుకున్న గని, ఇచ్చిన వీపును మరిసిన. టేపు తేవే. రెండు దిక్కుల వేరువేరుగ కొలువు. గా ఆది జాకెట్ ఇగ మిషన్ తుడువనీకె పెట్టు."

కుట్లు విప్పి, వెనక కుడివైపు వదులు గుడ్డను లోపలికి మడిచి ఒక డాటు వేసి, ఆ జాకెట్‌తోనే ఆడపడుచు ఇంటి పేరంటానికి వెళ్లింది.

ఇప్పుడు అక్క జనగామలో చెల్లెలి దగ్గర ఉంటోంది. దుకాణం నాకు అప్పగించింది. ఎవరొచ్చినా రెండు వైపులా కొలుస్తాను. రెండు పక్కలూ సరిసమానంగా ఉన్న మనిషి ఇంతవరకు నాకు తగల్లేదు.

మొన్న ఒకామె కొంగు నిండా కప్పుకుని వచ్చింది. ఆమెకూ రొమ్ము తీసేశారు. పాత జాకెట్ నా ముందు పెట్టి, "ఇట్లనే కుట్టుండ్రి. లోపట గుడ్డ పెట్టుకుంట. జనాలకు తెల్వకుంటె సాలు," అంది.

"జనాల సంగతి తర్వాత చూద్దాం. మీకెలా ఉంటే బాగుంటుంది?" అన్నాను.

"నన్ను గీ మాట ఎవలడగలే," అని బావురుమంది.

ఏడవనిచ్చాను. తర్వాత కుర్చీ ఆమె దగ్గరికి లాక్కుని, ఎలా కావాలో ఆలోచించుకుని చెప్పమని, తొందరేం లేదన్నాను.