తువ్వాలు కప్పిన యాక్సిల్

మాది బరంపురం దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న సోనేపూర్. చేపలు మోసే మా పాత పికప్‌కి ఆమధ్య వెనక యాక్సిల్ పాడైంది. బండి ఆగితే ఇంట్లో పొయ్యి ఆగినట్టే. బండిని లాగించుకుని బరంపురంలోని పాత బండి సామాన్ల కొట్టుకి వెళ్లాం. "మగోళ్లకి బేరం ఏటి తెలుసు?" అంటూ మా అత్త కూడా వచ్చింది.

మా ఆయనా, వెంట వచ్చిన మెకానికూ బండి కింద దూరారు. అంతకుముందే అత్త మా యాక్సిల్ పొడవును వలతాడుతో కొలుచుకుంది. కొట్టంతా తిరిగితే గోడవారన ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది. మా రేవులో నచ్చిన చేపల పోగు మీద తువ్వాలు కప్పితే ఇంకెవరూ ముట్టుకోరు. అత్త దాని మీద తువ్వాలు కప్పేసి కొట్టాయన దగ్గరికి నడిచింది.

"ఆ గోడకాడది. ధర సెప్పు బాబూ."

ఆయన కుర్చీలోంచి లేవకుండానే, "మంచిది పట్టావమ్మా! ఇరవై వేలు" అన్నాడు.

"ఆ తుప్పు సూసినావా?"

"తుప్పు పైపైనే. లోపల బంగారం!"

లాగి లాగి పన్నెండు వేలకు దించింది. ఇంతలో మా ఆయన వచ్చి తువ్వాలు ఎత్తి చూసి నెత్తి పట్టుకున్నాడు.

"అమ్మా, ఇది మన బండిదే! ఇప్పుడే ఇప్పి ఇక్కడ పెట్టినాం!"

కొట్టాయనతో సహా అందరూ గొల్లుమని నవ్వారు. నేను సిగ్గుతో బండి చాటుకి పోయాను. అత్త మాత్రం తువ్వాలు దులిపి భుజాన వేసుకుంది.

"లోపల బంగారమని నువ్వే సెప్పినావు గదా. ఆ పన్నెండు వేలకి నువ్వే ఉంచుకో. మాకు ఏరేది ఇయ్యి."

కొట్టాయన నవ్వు ఆగిపోయింది. చివరికి మా పాతదానికీ ధర కట్టి, వేరేదాన్ని చవకగా ఇచ్చాడు.

ఇప్పటికీ ఆ కొట్టు దాటేటప్పుడు నేను తల దించుకుంటాను. అత్త మాత్రం బండి ఆపించి మరీ అడుగుతుంది: "ఏటి బాబూ, మా బంగారం అమ్ముడైందా?"