గోదావరి దాటాక విప్పిన పెట్టె

మే నెల మిట్టమధ్యాహ్నం మంచిర్యాల స్టేషన్‌లో దిగాం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేళ్లు కాలేదు. ప్లాట్‌ఫాం వేడి బూట్లలోంచి పాదాలకు తగిలింది. సైనికులం నలుగురం: హవల్దారు, వైర్‌లెస్ ఆపరేటరు, డ్రైవరు, నేను. సామాను: హైడ్రోజన్ సిలిండర్లు, రబ్బరు బెలూన్లు, రేడియో. నస్పూర్ దాటి గోదావరి ఒడ్డున గుడారం వేశాం.

పని ఇది. తెల్లవారగానే బెలూనుకు చిన్న పెట్టె కట్టి వదలాలి. మనిషి లేకుండా అది మబ్బులు దాటుతుంది. పైన ఎంత చలి ఉందో, ఎంత ఒత్తిడి ఉందో రేడియోలో చెబుతుంది. పెట్టె లోపల ఒక ముల్లు అదే సంగతి వెండిపూత రేకు మీద గీస్తుంది. బెలూను పగిలాక పెట్టె గుడ్డ గొడుగుతో దిగుతుంది. ఫిరంగి గుండ్ల దారి లెక్కకట్టడానికి ఆ అంకెలు కావాలి.

చివరి బెలూను వదిలిన ఉదయం ఆపరేటరు హెడ్‌ఫోన్ తీశాడు.

"ఆవాజ్ బందయింది. పైకే పోతుంది, గానీ మాట్లాడ్తలేదు."

ఇక మిగిలింది రేకు ఒక్కటే. జీపులో ఊరూరా వెతికాం. మూడో రోజు ఒక బొగ్గుబాయి కార్మికుడి ఇంట్లో పెట్టె కనబడింది. పసుపు గుడ్డలో మూటకట్టి చూరుకు వేలాడదీశారు. అతని భార్య గడపకు అడ్డంగా నిలబడింది.

"ఇయ్య. మా ఆయనకు నెలసంది జరం. గిది మా పెరట్ల పడ్డనాడే లేచి గట్క తిన్నడు. గాలి అందుల జొచ్చింది."

"అందుల గాలి ఉన్నదని ఎవలు చెప్పిండ్రక్కా?" అన్నాను.

"మీ మీసాల సారే! గాలిని పట్టేటందుకు వచ్చినమని అంగట్ల చెప్పలే?"

హవల్దారు పంజాబీ. నేర్చుకున్న నాలుగు తెలుగు మాటలు అంగట్లో గర్వంగా వాడాడు. మా వైపు గాలి అంటే వీచేదే కాదు, మనిషికి సోకేది కూడా. ఆ సంగతి హిందీలో చెప్పాను. అతను నవ్వలేదు. సర్కారు సొమ్ము, లాక్కోవచ్చు. మంచం మీద ఎముకలు తేలి కూర్చున్న మనిషిని చూశాడు.

"ఆమెనే అడుగు. ఎలా తీసుకెళ్లమంటే అలా తీసుకెళ్దాం."

అడిగాను. ఆమె నది వైపు చూసింది.

"ఈడ ఇప్పద్దు. గోదారి దాటినంక ఇప్పుకోన్రి."

మంచం మీంచి భర్త దగ్గుతూ నవ్వాడు. "కరీంనగరోళ్ల మీదికి తోలుతున్నవా?"

"నాదీ ఆ పక్కనే, సుల్తానాబాద్," అన్నాను.

"ఇంకేంది తమ్మీ, ఆ గాలి అచ్చగ నీ ఊరిదే అయితది. నిన్నేమనది," అన్నాడతను.

హవల్దారు పెట్టెను నెత్తిన పెట్టుకుని నదిలో దిగాడు. ఆమె ఒడ్డు దాకా వెంట వచ్చి అక్కడే నిలబడింది. మోకాలి లోతు నీళ్లు. అవతల కాలుతున్న ఇసుకలో మూట విప్పాం. తపాలా బిళ్లంత రేకు. భూతద్దం కింద వెంట్రుక కన్నా సన్నటి గీత. రేడియో ఆగిన చోట అది ఆగలేదు. చివరిదాకా పోయింది. ఆపరేటరు స్కేలు పెట్టి చూసి, మళ్లీ చూశాడు. సున్నాకు డెబ్బై డిగ్రీల కింద.

అంత చలి సరిగ్గా మా నెత్తి మీదే ఉంది. మా ఊరి కన్నా దగ్గర్లో.

"పోయిందా?" అవతలి ఒడ్డు నుంచి ఆమె కేక.

హవల్దారు లేచి నిలబడ్డాడు. "గాలి పోయింది, అక్కా!"

అంకెలు పంపాం. రైలెక్కాం. నౌకరీ ముగిశాక సుల్తానాబాద్ చేరాను. డైరీలో ఆ రోజు అంకెలు ఇంకా చదవడానికి వస్తాయి. కళ్లు మూస్తే మాత్రం ఆ ఒడ్డే కనబడుతుంది. ఆమె రెండు చేతులెత్తి ఆకాశానికి మొక్కింది. ఇవతల ఇసుకలో మేం నలుగురం తలెత్తి అటే చూస్తున్నాం.