థర్మోస్టాట్ లేని పడవ

ఇది నిజంగా జరిగింది. బిడ్డ మీద ఒట్టు వేయమంటే మాత్రం వేయను... ఉత్త మాటకైనా దాని పేరు మీద ఒట్టంటే నాకు భయం. నా మీద వేసుకుంటాను. నమ్మకపోయినా పర్వాలేదు, మధ్యలో నవ్వకండి.

మాది కరీంనగర్ వైపు, డ్యాం వెనక నీళ్ల ఒడ్డున ఉన్న ఊరు. మా ఆయన డీజిల్ పడవ నడుపుతాడు. ఆస్పత్రి అవతలి ఒడ్డున. రోడ్డు మీద చుట్టూ తిరిగి పోతే గంటన్నర. పడవలో అరగంట.

ఆ రాత్రికి మా ఇద్దరికీ మాటల్లేక రెండు రోజులు. కారణం ఒక థర్మోస్టాట్.

అరచేతిలో పట్టే ఇత్తడి వస్తువు. ఇంజన్ వేడెక్కేదాకా లోపలి నీళ్లను ఆపి ఉంచుతుంది. వేడెక్కాక తెరుచుకుంటుంది. ఎండాకాలంలో నాచు అడ్డం పడి ఇంజన్ కాగిపోతోందని మా ఆయన దాన్ని పీకేశాడు. చలికాలం వచ్చింది. ఇంజన్ ఎంతసేపు నడిచినా వేడెక్కదు. తెల్లపొగ, దగ్గు. కొత్తది కొందామంటే ఏ డిగ్రీలది కొనాలని గొడవ. ఆయన ఎనభై రెండు అన్నాడు. లారీలకు వేసేది, బజార్లో దొరికేది అదే. నేను అరవై అన్నాను. బీఎస్సీ చదివినదాన్ని, ఇంజన్‌తో వచ్చిన పుస్తకం మొత్తం చదివాను. లారీలో ఉన్న నీళ్లే రేడియేటర్‌లో తిరుగుతుంటాయి. మా పడవలో డ్యాం నీళ్లు నేరుగా ఇంజన్‌లోకి పోయి బయటికి పడతాయి. మరీ వేడిగా ఉంచితే ఆ నీళ్లలోని సున్నం లోపల పేరుకుంటుంది, నీళ్లు కాచే గిన్నెకు పట్టినట్టు. సముద్రంలో అయితే ఉప్పు. అందుకే ఇలాంటి ఇంజన్లకు తక్కువ డిగ్రీలది వేయాలి.

"నీ పుస్తకం నడుపుతదా పడవను?" అన్నాడు.

"నీ మొండితనం నడుపుతదా?" అన్నాను.

అంతే. నోళ్లు మూతపడ్డాయి. అరవైదీ కొనలేదు, ఎనభై రెండుదీ కొనలేదు.

మూడో రోజు రాత్రి మిట్టుకు జ్వరం వచ్చింది. మా పాప. ఎనిమిది నెలలది. పదకొండు దాటేసరికి ఒళ్లు కాలిపోతోంది. నూట మూడు. మందు తాగిస్తే కక్కేసింది. ఊళ్లో ఉన్న ఒక్క కారు పెళ్లికి పోయింది. మా ఆయన టార్చి తీసుకుని ఒడ్డుకు నడిచాడు. అత్తమ్మ పాపకు మంకీ టోపీ తొడిగి దుప్పటి చుట్టింది. నేను ఇంకొకటి చుట్టాను. "మీ అలుకలు గీ ఒడ్డు మీద పెట్టి పోన్రి," అంది అత్తమ్మ.

పెట్టలేదు. పడవ ముందు భాగంలో నేను, ఆయనకు వీపు పెట్టి. వెనక చుక్కాని దగ్గర ఆయన. మధ్యలో ఇంజన్. ముందుకు చూస్తే మంచు తప్ప ఏమీ లేదు. పాప ఊపిరి నా మెడకు తగులుతోంది... వేడిగా, తొందర తొందరగా.

నడి నీళ్లకు వచ్చాం. ఇంజన్ దగ్గింది. మళ్లీ దగ్గింది.

ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం ఎలా చెప్పను... చెక్కకు నీళ్లు తగులుతున్న చప్పుడు. టప్... టప్... ఆయన స్టార్ట్ చేశాడు. రెండు నిమిషాలు కొట్టుకుని ఆగింది. మళ్లీ. మళ్లీ ఆగింది. పాప ఏడుపు కూడా మానేసింది. అది ఏడవకపోవడమే నన్ను చంపేసింది. ఇంకా దగ్గరికి హత్తుకున్నాను. దుప్పటి ఇంకా బిగించాను.

అప్పుడు...

"సరితా."

ఆయన గొంతు. మెత్తగా. నా కుడి చెవి పక్కన.

"టోపీ తియ్యి. దుప్పట్లు ఇప్పు. జర గాలి తగలనియ్యి."

రెండు రోజుల తర్వాత మొదటి మాట. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏడుస్తానని. టోపీ తీశాను. ఒక దుప్పటి, ఇంకో దుప్పటి. లోపలి నుంచి వచ్చిన వేడి నా ముఖానికి కొట్టింది. బట్టంతా చెమట. ఇంతసేపూ దాన్ని నేనే ఉడికిస్తున్నానన్నమాట.

వెనక ఏదో నల్లా తిప్పిన కిర్రుమనే చప్పుడు. ఇంజన్ అందుకుంది. దగ్గుతూనే నడిచి నడిచి... సర్దుకుంది. పాప కాసేపటికి సన్నగా ఏడ్చింది. అంత మంచి ఏడుపు నేనెప్పుడూ వినలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ మందు వేసి, తడిబట్టతో ఒళ్లు తుడిపించింది. "దారిలోనే దుప్పట్లు తీసేశారా? మంచి పని చేశారు. కప్పే ఉంచితే ఒళ్లు ఇంకా కాగేది," అంది. నాలుగింటికి జ్వరం దిగింది. మా ఆయన టీ తెచ్చాడు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాం.

"నువ్వే ముందుగాల మాట్లాడినవ్," అన్నాను.

"నేనా? నువ్వు గదనే మాట్లాడింది."

"నేనేం మాట్లాడిన?"

"నల్లా సగం కట్టెయ్యి, ఇంజన్‌ను వేడెక్కనియ్యి అన్నవ్. నా చెవి పక్కకే వచ్చి అన్నవ్. అందుకే లోపలికొచ్చే నీళ్లు తగ్గించిన. వేడి చూపే సూది లేచింది."

"నేను కూసున్న కాడికెల్లి కదలలే. టోపీ తియ్యమన్నది నువ్వు గాదా?"

"నేను నోరే తెరవలే సరితా. బిడ్డ దిక్కు చూసే ధైర్యం గూడ లేకుండె నాకు."

"నా గొంతేనా నువ్విన్నది?"

"నీ గొంతు నాకు తెల్వదా? జర కోపంగ గూడ ఉండె."

ఇద్దరం టీ తాగలేదు.

తర్వాత చాలా ఆలోచించాను. నిద్రలేక అలా అనిపించిందా? కావచ్చు. కానీ ఇంజన్‌కు నీళ్లొచ్చే నల్లా ఒకటుందని, దాన్ని సగం మూయవచ్చని నాకు తెలియదు. పుస్తకంలో ఆ పేజీ చూసిన గుర్తు లేదు. జ్వరమొచ్చిన పిల్లను అంతగా కప్పకూడదని ఆయనకూ తెలియదు. చుట్టినవి చాలవేమోనని ఇంకో దుప్పటి పడవలో పెట్టింది ఆయనే. పైగా ఇంజన్ ఆగి అంత నిశ్శబ్దంగా ఉంటే... ఒకరికి వినపడింది ఇంకొకరికి ఎందుకు వినపడలేదు?

అరవై డిగ్రీలదే తెప్పించాం. ఆయనే బిగించాడు. ఇప్పుడు సూది అరవై దగ్గర నిలబడి ఉంటుంది, పొగ లేదు. నడి నీళ్లలో పడవ ఆగే కారణమే లేదు. అయినా అక్కడికి రాగానే ఆయన ఇంజన్ తగ్గిస్తాడు. ఎందుకని నేను అడగను. ఇద్దరం చెవులు రిక్కించి కూర్చుంటాం.

ఇంతవరకూ ఏమీ వినపడలేదు. వినపడకూడదనే కోరుకుంటాను. కానీ మిట్టు ఒళ్లు కాస్త వెచ్చబడిందంటే, ఇదిగో ఈ రాత్రి మళ్లీ వెచ్చబడినట్టు... ఎవరైనా సరే, ఒక్క మాట చెబితే బాగుండుననిపిస్తుంది.