ఎర్ర దీపం, ఆకుపచ్చ దీపం

విమానం నడపడం నేర్చుకోవాలని హైదరాబాదు వెళ్లిన నన్ను కంటి పరీక్షలోనే వెనక్కి పంపేశారు. నిజామాబాదుకు వచ్చే రైల్లో, ఎదురుగా కూర్చున్న బోధన్ ఊరి అవ్వ ఒకామె నా ముఖం చూసి ఏమైందని అడిగింది.

"ఎర్ర దీపమేదో, ఆకుపచ్చ దీపమేదో చెప్పలేకపోయిన అవ్వా."

"అయ్యో బిడ్డా, మరి పండు మిరపకాయలెట్ల ఏరుతవు?" అంది, నిజంగానే బెంగపడి.

పరీక్ష తప్పిన సంగతి తెలియని బాపు, కొడుకు ఎంపికయ్యాడనుకుని స్టేషన్‌లో పూలదండ పట్టుకుని, నలుగురితో కలిసి నిలబడి ఉన్నాడు. అవ్వ మూట చంకన పెట్టుకుని, రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుంది.

"పైలం కొడుకా, మెట్టున్నది" అంటూ అందరి ముందూ మెల్లగా దింపింది.

విడిపించుకుందామనుకున్నాను. కానీ గుడ్డివాడిలా నడిస్తే బాపు ముఖం చూడక్కర్లేదని, తల దించుకుని ఆమె వెంటే నడిచాను.