క్లాస్ ఫోల్డర్

మా మేనకోడలు మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సు పూర్తిచేసి, యూసుఫ్‌గూడలో స్నేహితురాలితో గది పంచుకుని ఉద్యోగం వెతుక్కుంటోంది. ఆ సాయంత్రం పంజాగుట్టలోని ఒక చిన్న కంపెనీలో, ఫైళ్లకు తాళం వేసే తన ప్రోగ్రామ్‌ను నడిపి చూపించాలి. నడిస్తేనే ఉద్యోగం. మధ్యాహ్నం భోజనానికి రమ్మంటే వెళ్లాను. తను కంప్యూటర్ ముందే ఉంది, అన్నం గిన్నె మూత కూడా తీయలేదు.

"ఏమైంది బిడ్డా?"

"ప్రోగ్రామ్ కంపైల్ అయితలేదు మామా, నడిచెటట్టు తయారైతలేదు. తాళమేసే రెడీమేడ్ కోడ్ ఉంటది గదా, ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ, గది కొత్తది దించిన, తీసేసి మల్ల దించిన. గా ఫంక్షనే లేదంటది. నా కండ్ల ముంగటనే ఉన్నది!"

"కండ్ల ముంగట అన్నం సుత ఉన్నది. గది కనవడ్తలేదా?" అంది స్నేహితురాలు, జుట్టు ఆరబెట్టుకుంటూ.

తెర నిండా ఎర్రటి వాక్యాలు. నాకు ప్రోగ్రాములు రావు. పత్రిక డెస్కులో ఉన్నన్నాళ్లూ ఏ వార్త వచ్చినా ముందు డేట్‌లైన్ చూసేవాణ్ణి. ఏ ఊరి నుంచి వచ్చిందో తెలియకుండా దిద్దడం మొదలుపెట్టేవాళ్లం కాదు. ఆ అలవాటుతోనే అడిగాను.

"ప్రతి లైను ముంగట ఏదో అడ్రస్ ఉన్నది. ఎక్కడిది బిడ్డా గది?"

వంగి చదివింది. వేలు తెర మీదే ఆగిపోయింది.

"అగో! గిది మా క్లాస్ ఫోల్డర్!"

కోర్సు మొదలైన రోజే సార్ అన్ని లైబ్రరీలూ పెన్‌డ్రైవ్‌లో ఇస్తారట. అందరూ అలాగే కాపీ చేసుకుని, సెట్టింగుల్లో దానికే మొదటి స్థానం ఇస్తారు. ఆ తర్వాత ఎవరూ దాన్ని ముట్టుకోరు. అందుకే కొత్త లైబ్రరీ ఎన్నిసార్లు దించినా, ప్రోగ్రామ్‌ను తయారుచేసే కంపైలర్ ముందుగా అందులోని పాతదే తెరిచి చూస్తోంది.

"తీసేయ్ మరి," అంది స్నేహితురాలు.

"సార్ ముట్టొద్దన్నడే."

"సార్ బెంగళూరు పోయిండు. ఫోల్డర్ నీ నెత్తిన పెట్టి పోయిండు."

సెట్టింగుల్లోంచి ఆ దారి చెరిపేసి మళ్లీ నడిపింది. ఎరుపు మాయమైంది. తన పేరు టైపు చేస్తే పిచ్చి అక్షరాలైంది. తాళం తీస్తే పేరు తిరిగొచ్చింది. అప్పుడు తీసింది గిన్నె మూత.

సాయంత్రం పంజాగుట్టలో ఆ ఆఫీసు కింద నిలబడ్డాను. మెట్లు దూకుతూ వచ్చింది.

"వాళ్ల కంప్యూటర్ల నడిపియ్యమన్నరు మామా. మల్ల గదే ఎర్రర్!"

"అయ్యో, మరెట్ల?"

"ఫికర్ చెయ్యలే. సీదా అడ్రస్ చూసిన. ఇంటర్వ్యూ తీసుకున్నాయన సుత మైత్రీవనంల మా సార్ దగ్గరనే సదివిండట! గా ఫోల్డరే పెట్టుకున్నడు. ఆయన ముంగటనే తీసేసిన, మస్తు నడిచింది."

"ఏమన్నరు మరి?"

"సోమవారం నుంచి డ్యూటీకి రమ్మన్నరు. ముందుగాల మిగతా కంప్యూటర్లల్ల సుత గది తీసెయ్యాల్నట."